కాంగ్రెషనల్ సెమెటరీ 'సోల్ స్ట్రోల్స్': టికెట్ కొనే ముందు తెలియాల్సినవి

వాషింగ్టన్ డి.సి.లో అనకోస్టియా నది ఒడ్డున 1807లో మొదలైన శ్మశానం ఇది. దీని నిర్వహణకు నిధులు కూడగట్టడానికి ఏటా అక్టోబరు సాయంత్రాల్లో 'సోల్ స్ట్రోల్స్' పెడతారు. ఆనాటి దుస్తులు వేసుకున్న నటులు సమాధుల దగ్గర నిలబడి, అక్కడ నిద్రిస్తున్నవారి కథను వాళ్ల మాటగానే చెబుతారు. మనం గైడు వెంట గుంపుగా నడుస్తూ వినాలి. అరిచి భయపెట్టే దయ్యాల కోసమైతే వెళ్లొద్దు. చరిత్ర మీద మక్కువ ఉన్నవాళ్లు మాత్రం తప్పకుండా వెళ్లాలి.

ఎవరెవరి కథలు చెబుతారన్నది ఏటా మారుతుంది. ఆ జాబితాలో ఉన్నా లేకపోయినా ఆర్సెనల్ స్మారకం చూడకుండా రావద్దు. 1864 జూన్ 17న వాషింగ్టన్ ఆర్సెనల్‌లో (సైన్యపు ఆయుధాగారంలో) యువతులు తూటాలు తయారు చేస్తున్నారు. బయట పళ్లేల్లో ఎండబెట్టిన బాణసంచా మందు వేడికి అంటుకుంది. నిప్పు తెరిచి ఉన్న కిటికీలోంచి లోపలి తుపాకీమందు మీద పడింది. అప్పట్లో ఆడవాళ్లు వేసుకునే వెడల్పాటి వలయాల లంగాల వల్ల మంట ఇట్టే పాకింది. 21 మంది చనిపోయారు. అంత్యక్రియలకు అధ్యక్షుడు లింకన్ స్వయంగా వచ్చారు. స్తంభం మీద తల వంచి, చేతులు జోడించి నిలబడ్డ స్త్రీ విగ్రహం ఉంటుంది. కింద పీఠం మీద పేలుడు దృశ్యం చెక్కారు. ఆ చెక్కడాన్ని దగ్గరికెళ్లి చూడాలి.

అసలు లోపం కూడా ఇక్కడే ఉంది. డబ్బు దేనికోసం ఇస్తున్నామో అది చీకట్లో కనిపించదు. అందుకని పొద్దు ఉండగానే వెళ్లి, అమెరికా కాంగ్రెస్ (చట్టసభ) సభ్యుల జ్ఞాపకార్థం వరుసలుగా కట్టిన చదరపు దిమ్మెలను చూడండి. వీటి నమూనా వాస్తుశిల్పి బెంజమిన్ లట్రోబ్‌ది, రాయి వర్జీనియాలోని అక్వియా క్రీక్ ఇసుకరాయి. వైట్ హౌస్ గోడలకు వాడిందీ ఇదే. ఈ రాయి నీటిని పీల్చుకుంటుంది. చలికాలంలో ఆ నీరు గడ్డకట్టి ఉబ్బితే పై పొర పెచ్చులుగా ఊడిపోతుంది. అతుకుల్లో సిమెంటు పూస్తే ఇంకా ముప్పు: సిమెంటు రాయికన్నా గట్టిది, తేమను బయటికి పోనివ్వదు, చివరికి విరిగేది రాయే. సున్నపు గచ్చుతో, చేయి తిరిగిన పనివాళ్లతోనే చేయించాలి. ఖర్చంతా అక్కడే.

నేల ఎగుడుదిగుడుగా ఉంటుంది. మడమ ఎత్తు లేని బూట్లు వేసుకోండి, చిన్న టార్చి తీసుకెళ్లి నేల వైపే పట్టుకోండి. పాతకాలపు వేషం వేసుకుని వెళ్లాలనుకుంటే లంగా చీలమండ దాటకూడదు. నిప్పు దీపాలకు దూరంగా నడవండి. చేతిలో వైన్ గ్లాసు ఉంటే పాలరాతి పలకల మీద పెట్టొద్దు. అందులోని ఆమ్లం పాలరాతిని తినేస్తుంది, ఆ మచ్చ తుడిస్తే పోదు. నిలువు పలకలకు ఆనుకోవద్దు: లోపలి ఇనుప కడ్డీలు తుప్పు పట్టి ఉంటే చిన్న బరువుకే పలక ఒరుగుతుంది.

మెట్రోలో పొటోమాక్ అవెన్యూ, స్టేడియం-ఆర్మరీ స్టేషన్లు రెండూ నడిచేంత దూరమే. వీధిలో పార్కింగ్ దొరకడం కష్టం కాబట్టి కారు మానుకోవడమే మేలు.

ఇక పన్ను సంగతి. అమెరికాలో ఇలాంటి టికెట్ మొత్తానికీ మినహాయింపు రాదు. మనకు అందిన వినోదం విలువ తీసేయగా మిగిలిందే విరాళం. చెల్లించింది 75 డాలర్లు దాటితే ఆ విలువెంతో సంస్థే రాసివ్వాలి. డబ్బు రాళ్ల మరమ్మతుకే వెళ్లాలనుకుంటే ఆ మాట ముందే రాసి విడిగా విరాళం ఇవ్వండి. టికెట్ సొమ్ములో కొంత కార్యక్రమం ఖర్చులకే పోతుంది. 1997లో దేశంలో అత్యంత ప్రమాదంలో ఉన్న 11 చారిత్రక స్థలాల జాబితాలోకెక్కిన ఈ చోటును నిలబెట్టడంలో కుక్కలను నడిపించుకోవడానికి ఏటా రుసుము కట్టే సభ్యుల పాత్ర పెద్దది. దగ్గర్లో ఉండి, ఇంట్లో కుక్క ఉన్నవాళ్లు ముందు ఆ సభ్యత్వం గురించి అడగండి, సోల్ స్ట్రోల్స్ టికెట్ ఆ తర్వాత.