ఆస్టిన్‌లో నాస్కార్: వానలో చూసిన రేసుకి నాలుగు స్టార్లు

ముందే చెప్పేస్తున్నా, మేం రేసు పూర్తిగా చూడలేదు. 68 ల్యాప్‌లకి డబ్బులు కట్టాం, 54 అయ్యాక ఆపేశారు. అయినా డబ్బులు దండగ అనిపించలేదు.

2021 మే 23న ఆస్టిన్‌లోని సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్ అనే రేస్ ట్రాక్‌లో జరిగిన మొట్టమొదటి నాస్కార్ కప్ రేసు అది. ఊళ్లోనే కదా అని నేను, మా ఆయన, పెద్దాడు బయల్దేరాం. నాస్కార్ అంటే చూడ్డానికి మామూలు కార్లలా ఉండే స్టాక్ కార్ల పోటీ, ఎక్కువగా ఓవల్, అంటే గుడ్డు ఆకారపు ట్రాక్ మీద జరుగుతుంది. అప్పట్లో అక్కడ వాన పడితే రేసు ఆపాల్సిందే. నున్నటి టైర్లతో, ఏటవాలు ట్రాక్ మీద తడిలో కారు నిలవదు. ఇక్కడ ట్రాక్ ఓవల్ కాదు, ఒక చుట్టుకి 20 మలుపులు, 3.41 మైళ్లు. అందుకని గాడులున్న వాన టైర్లు, వైపర్లు, వెనకాల ఎర్ర లైటు తగిలించి వదిలేశారు.

మా సీట్లు మొదటి మలుపు దగ్గర, పైన కప్పు లేదు. స్టార్ట్ అవగానే కార్లన్నీ నిట్టనిలువు గుట్ట ఎక్కి వస్తాయి. ముందున్న కారు రంగు, నంబరు చక్కగా కనిపించాయి. దాని వెనకంతా తెల్లటి తుంపరే. అందులోంచి ముందు చప్పుడు వస్తుంది, కాసేపటికి బానెట్ బయటపడుతుంది. స్టాక్ కార్లకి హెడ్‌లైట్లు ఉండవు, మనకి కనిపించేవి స్టిక్కర్లు. అంటే అద్దంలో చూసుకున్నా వెనకెవరున్నారో తెలియదన్నమాట. పెద్దాడు చెప్పేదాకా ఈ సంగతి నాకూ తెలీదు, తెలిశాక ఇంకా టెన్షన్.

భయపడ్డట్టే అయింది. వెనకవైపు స్ట్రెయిట్‌లో, అంటే మలుపుల్లేని తిన్నటి దారిలో, మార్టిన్ ట్రూఎక్స్ జూనియర్ ముందున్న కారుని గుద్దాడు. ఆ వెనకే వస్తున్న కోల్ కస్టర్ కారు ట్రూఎక్స్ కారు కిందికి దూరిపోయింది. మేం పెద్ద స్క్రీన్ మీదే చూశాం. వెనక చక్రాలు గాల్లోకి లేచాయి, మంట కనిపించింది. డ్రైవర్లిద్దరూ దిగి నడిచి వచ్చేదాకా మా వరసలో ఎవరూ నోరు మెదపలేదు. ఒక స్టార్ కోసింది ఇందుకే. ఏమీ కనిపించని వానలో ఆ స్ట్రెయిట్‌లో అంత వేగంగా పోనివ్వడం నాకు నచ్చలేదు. రేసు అంతకుముందే ఆపాల్సింది.

చివరికి నీళ్లు నిలిచిపోయి ఆపేసరికి ముందున్నవాడు చేజ్ ఎలియట్, రెండో స్థానంలో కైల్ లార్సన్. గెలుపు ఎలియట్‌దే అన్నారు. చివరి ల్యాప్ పోరు చూద్దామని వచ్చినవాళ్లు ఉసూరుమన్నారు, మా ఆయనతో సహా.

వెళ్లేవాళ్లకి నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: హెడ్‌సెట్ స్కానర్ అద్దెకి తీసుకోండి. డ్రైవర్, టీమ్ రేడియోలో మాట్లాడుకునేవన్నీ వినిపిస్తాయి. కళ్లకి తుంపర తప్ప ఏమీ ఆననప్పుడు రేసు ఎటు పోతోందో మాకు చెవులే చెప్పాయి. ముగ్గురం ఒకటే తీసుకుని వంతులేసుకున్నాం, పెద్దాడు తన వంతు దాటినా ఇవ్వడు. రెండు తీసుకోండి. గొడుగు విప్పితే వెనకవాళ్లకి అడ్డం కాబట్టి రెయిన్‌కోట్ వేసుకోండి. పొడి సాక్సులు కారులో పెట్టుకోండి. మిర్చి బజ్జీలు దొరకవు, నాచోస్‌తో సరిపెట్టుకోవాలి.