మాన్వెల్ రొమేరో ఊరు వెతుక్కుంటూ బ్యూనస్ ఎయిర్స్‌లో పది రోజులు

మున్రో స్టేషన్‌లో ఆ ఉదయం దిగిన విదేశీయులం మేమిద్దరమే. రెతీరో నుంచి ఉత్తర శివార్లకు వెళ్లే ఈ రైలు మార్గం ఇప్పటికీ మీటర్ గేజే, లాగేది డీజిల్ ఇంజనే కావడంతో, మా వారికి చిన్ననాటి గుంటూరు ప్యాసింజర్లు గుర్తుకొచ్చి దారి పొడవునా వాటి కబుర్లే చెప్పారు. దిగాక మాత్రం, "ఇంత దూరం వచ్చి చూడవలసింది ఇక్కడేముంది?" అని అడిగారు. ఆయన అడిగినదాంట్లో తప్పులేదు. బట్టల దుకాణాలు, మందుల షాపులు, ఒక బేకరీ తప్ప స్టేషన్ బయట ఏమీ లేదు. అక్కడికి కొద్ది దూరంలో, సర్హెంతో కబ్రాల్ వీధిలో, ఒకప్పుడు లుమిటోన్ అనే సినిమా స్టూడియో ఉండేది. నేను వచ్చింది దానికోసమే, అందులోనూ అక్కడ ఏటా మూడు నాలుగు సినిమాలు తీసి పడేసిన మాన్వెల్ రొమేరో అనే రచయిత, దర్శకుడి కోసం.

రొమేరో 1891లో బ్యూనస్ ఎయిర్స్‌లోనే పుట్టాడు. పత్రికా రచనతో మొదలుపెట్టి, రంగస్థలానికి హాస్య నాటికలు, సంగీత ప్రదర్శనలు రాశాడు. పాటల రచయితగా అతని పేరు 1920లలోనే ఊరంతా పాకింది. 1922 నాటి 'పతోతేరో సెంతిమెంతాల్', 1926లో ఫ్రాన్సిస్కో కనారో బాణీ కట్టిన 'తియెంపోస్ వియెహోస్' అతని రచనలే. 1931లో పారిస్ శివారులోని జ్వాన్‌విల్‌లో పారమౌంట్ సంస్థ టాంగో గాయకుడు కార్లోస్ గార్దెల్‌తో తీసిన 'లూసెస్ దె బ్యూనస్ ఎయిర్స్' సినిమాకు లూయిస్ బయోన్ హెర్రేరాతో కలిసి కథ సమకూర్చాడు. అందులో గార్దెల్ పాడిన 'తోమో యి ఓబ్లీగో' పాటకు మాటలు కూడా ఇతనివే. అంటే దర్శకుడి కుర్చీలో కూర్చునేనాటికి నలభైకి అటూ ఇటూ ఉన్న మనిషి, జనం నాడి తెలిసిన మనిషి. 1954లో చనిపోయేలోపు యాభైకి పైగా సినిమాలు తీశాడు.

లుమిటోన్ మ్యూజియం చిన్నది. గంటన్నరలో అయిపోతుంది. కానీ నా పది రోజుల్లో మొదటి మార్కు దానికే వేస్తాను. స్టూడియో పెట్టినవారు సినిమావాళ్లు కారు. 1920 ఆగస్టు 27న కొలిసేయో నాటకశాల డాబా మీద యంత్రం పెట్టి వాగ్నర్ సంగీత నాటకాన్ని రేడియోలో వినిపించి 'డాబా మీది పిచ్చివాళ్లు' అని పేరు తెచ్చుకున్న నలుగురు మిత్రులు. వెలుగుకూ ధ్వనికీ ఉన్న మాటలను కలిపి స్టూడియోకు ఆ పేరు పెట్టారు. ఛాయాగ్రహణం కోసం వారు పిలిపించిన జాన్ ఆల్టన్ తర్వాత హాలీవుడ్ వెళ్లి ఆస్కార్ అందుకున్నాడు. 1933 మే నెలలో వారి మొదటి చిత్రం 'లోస్ త్రెస్ బెర్రెతీనెస్' విడుదలైంది. మన 'భక్త ప్రహ్లాద' 1932 ఫిబ్రవరిలో వచ్చిందని గుర్తు చేసుకుంటే, లుమిటోన్ తొలి చిత్రం మన తెలుగు టాకీ కంటే ఏడాదికి పైగా చిన్నదని తెలుస్తుంది. ఈ లెక్క చెప్పగానే మా వారికి ఆ ఊరి మీద కాస్త గౌరవం తగ్గి, ఆప్యాయత పెరిగింది.

1952లో లుమిటోన్ మూతపడింది. మద్రాసు వడపళనిలో వాహినీ ఫ్లోర్లు ఉన్నచోట ఇప్పుడు ఆసుపత్రి, కల్యాణమండపం, షాపింగ్ మాల్ చూసి వచ్చిన నాకు, ఇక్కడ కనీసం ఒక భాగాన్ని స్థానిక పురపాలక సంఘం మ్యూజియంగా నిలబెట్టుకోవడమే గొప్పగా అనిపించింది. ఫలకాల మీద రాత అంతా స్పానిష్‌లోనే ఉంది. ఫోన్‌లోని అనువాద సదుపాయం సినిమా పేర్లను కూడా అనువదించి గందరగోళం చేస్తుంది కాబట్టి, ముందుగా పేర్లు రాసుకుని వెళ్లడం మంచిది.

రొమేరో పనితీరు గురించి ఇక్కడ కాసేపు ఆగాలి. 1939 ఒక్క సంవత్సరంలోనే అతని సినిమాలు ఐదు వచ్చాయి. మళ్లీ మళ్లీ తీయించడం, వెలుగు కోసం గంటలు వేచి ఉండడం అతనికి సరిపడేవి కావు. నాటకాల కంపెనీలో వారానికో కొత్త ప్రదర్శన రాసిన చెయ్యి కావడంతో, సంభాషణ నడిస్తే చాలు, కెమెరా ఎక్కడున్నా ఫరవాలేదన్న ధోరణి ఉండేది. ఆ కాలపు విమర్శకులు అతన్ని చిన్నచూపు చూశారు. జనం మాత్రం హాళ్లు నింపారు. 1938లో 'ముహేరెస్ కె త్రబాహాన్' చిత్రంలో నినీ మార్షల్ అనే రేడియో నటిని తెరకు తీసుకువచ్చినప్పుడు అతను చేసిన తెలివైన పని ఏమిటంటే, కతీత అనే ఆ గడుసు అమ్మాయి పాత్రకు మాటలు ఆమెనే రాసుకోనివ్వడం. దుకాణంలో పనిచేసే అమ్మాయిల కష్టసుఖాలను కథగా మలిచిన ఆ సినిమా తర్వాత కతీత పాత్ర ఎన్నో చిత్రాల్లో తిరిగి కనిపించింది. తానే రచయిత అయి ఉండి, తనకంటే బాగా రాసేవారు ఎదురైనప్పుడు కలం పక్కన పెట్టడం అందరికీ చేతనయ్యే పని కాదు.

ఇక బస సంగతి. మొదటి నాలుగు రాత్రులు కాంగ్రెస్ భవనం సమీపంలో ఒక పాత హోటల్లో దిగాం. ఇనుప కటకటాల లిఫ్టు, ఎత్తయిన కప్పు, పాలరాతి మెట్లు చూసి నేనే ఎంచుకున్నాను. తప్పు నాదే అని ఒప్పుకుంటాను. ఫోటోలో పాతదనం అందంగా ఉంటుంది. రాత్రి రెండింటికి వేడినీళ్ల గొట్టం శబ్దం చేస్తుంటే అందం కనిపించదు. వీధివైపు గది కావడంతో బస్సుల హోరు తెల్లవారే దాకా ఆగలేదు, గది మార్చమని అడిగితే రేపు చూద్దామన్న సమాధానం మూడు రోజులూ వచ్చింది. అయితే అక్కడి నుంచి గౌమోంట్ థియేటర్, కొర్రియెంతెస్ వీధి, మెట్రో అన్నీ నడక దూరంలోనే ఉన్నాయి. తర్వాతి ఆరు రాత్రులు పలెర్మో వైపు ఒక చిన్న అపార్ట్‌మెంటులో ఉన్నాం. వంటగది ఉంది, నిశ్శబ్దం ఉంది, ఇంటి యజమానురాలు దిగిన రోజే ఏ మార్కెట్లో పప్పులు దొరుకుతాయో కాగితం మీద రాసి ఇచ్చింది. కేవలం సినిమాల కోసం వెళ్లేవారైతే మొదటి ప్రాంతమే మేలు. కాకపోతే లోపలివైపు గదే కావాలని ముందే రాయించుకోవాలి.

కొర్రియెంతెస్‌ను చూడకుండా రొమేరోను అర్థం చేసుకోలేమని నాకు అక్కడికి వెళ్లాకే తెలిసింది. ఒకప్పటి ఇరుకు వీధి అది. ఒకవైపు ఇళ్లూ కెఫేలూ కూలగొట్టి 1936కల్లా వెడల్పు చేశారు. అదే ఏడాది ఓబెలిస్కో స్తంభం లేచింది. దాన్ని రూపకల్పన చేసిన అల్బెర్తో ప్రెబిష్ మరుసటి ఏడాదికి గ్రాన్ రెక్స్ అనే భారీ సినిమా హాలు కూడా కట్టాడు. సరిగ్గా ఆ 1937లోనే రొమేరో 'లోస్ ముచాచోస్ దె ఆంతెస్ నో ఉసాబాన్ గోమీనా' తీశాడు. 'పూర్వం కుర్రాళ్లు తలకు గోమీనా రాసేవారు కాదు' అని ఆ పేరుకు అర్థం. గోమీనా అంటే జుట్టు అణిగి ఉండడానికి రాసుకునే జిగురు. 1900ల తొలినాళ్ల డబ్బున్న యువకుడొకడు మిరేయా అనే అమ్మాయిని ప్రేమించి, కుటుంబ మర్యాద కోసం వదిలేసి, ఏళ్ల తర్వాత ముసలితనంలో ఆమెను దీనస్థితిలో చూడడం దాని కథ. మెచా ఓర్తిస్ మిరేయాగా నటించింది. కథను మెలోడ్రామా అని కొట్టిపారేయవచ్చు. కానీ ఊరి నడిబొడ్డున సుత్తెలు మోగి, కొత్త వీధి తారు ఇంకా నల్లగా మెరుస్తున్న రోజుల్లో, ఆ వీధిలోని హాళ్లకు వచ్చే జనానికే పోయిన ఊరిని చూపించాడు అతను. పాతకాలం మీద మమకారం అందరికీ ఉంటుంది. కూలుతున్న గోడల దుమ్ము సర్దుకోకముందే దాన్ని టికెట్టు పెట్టి అమ్మగలిగినవాడు మాత్రం రొమేరో.

ఆ వీధిలో 1932 నుంచి ఉన్న గెర్రీన్ పిజ్జా దుకాణంలో నిలబడి తినడం మాకు బాగా నచ్చింది. శాకాహారులకు ఉల్లిపాయ, జున్ను దట్టంగా వేసిన ఫుగాసెత ఉంటుంది. పిజ్జా ముక్క మీద 'ఫయినా' అనే పల్చని రొట్టె పెట్టి ఇస్తారు. అది అచ్చంగా శనగపిండితో చేసినది. నోట్లో పెట్టుకోగానే మా వారు, "మన అట్టే కదా, ఉప్పూ కారం మరచిపోయారు" అన్నారు. రాత్రి భోజనం చాలాచోట్ల ఆలస్యంగా మొదలవుతుంది కాబట్టి ఈ దుకాణాలే మమ్మల్ని ఆదుకున్నాయి. పక్కనే ఉన్న లవాయె వీధి ఒకప్పుడు వరుసగా సినిమా హాళ్లతో కిటకిటలాడేది. వాటిలో కొన్నింటిలో ఇప్పుడు క్రైస్తవ ప్రార్థనలు జరుగుతున్నాయి. అక్కడ పది నిమిషాలకు మించి గడపనవసరం లేదు. శాంత ఫె రోడ్డులోని గ్రాండ్ స్ప్లెండిడ్ 1919లో కట్టిన నాటకశాల, తర్వాత సినిమా హాలు, 2000 నుంచి పుస్తకాల దుకాణం. అందరూ పొగిడే ఆ చోటు నిజంగానే కళ్లు చెదిరేలా ఉంది. కానీ ఫోటోలు తీసుకునేవారి మధ్య పుస్తకం తెరవడానికి మోచెయ్యి ఆనించే చోటు లేదు.

భోజనంతో కలిపిన టాంగో ప్రదర్శనకు ఒక రాత్రి వెళ్లాం. ఆ హాలు పేరు చెప్పను. మా యాత్రలో ఖరీదైన టికెట్టు అదే, తక్కువ గుర్తున్నదీ అదే. నర్తకులు నైపుణ్యం గలవారే. అయితే అందరినీ బస్సుల్లో తెచ్చి, వరుసగా కూర్చోబెట్టి, గంటకొట్టినట్టు వడ్డించి, పంపించేశారు. శాకాహార భోజనమని ముందే రాయించినా ఉడికించిన కూరగాయలు నాలుగు వచ్చాయి. అందులో సగం కూడా కాని ఖర్చుతో, అబాస్తో ప్రాంతంలో గార్దెల్ తన తల్లి కోసం 1927లో కొన్న ఇంటిని చూడవచ్చు. ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. 1935 జూన్ 23న, విమాన ప్రమాదంలో చనిపోవడానికి ముందురోజు రాత్రి, బొగొతా రేడియోలో గార్దెల్ చివరగా పాడినది రొమేరో రాసిన 'తోమో యి ఓబ్లీగో'నే. ఆ సంగతి మనసులో పెట్టుకుని ఆ చిన్న వంటింట్లో నిలబడితే కలిగే అనుభూతి ఆ విందు ప్రదర్శనలో ఎంత వెచ్చించినా రాదు. నగర పాలక సంస్థ మ్యూజియంలకు మంగళవారం సెలవు. మేము తెలియక మంగళవారమే వెళ్లి, తలుపు చూసి వెనుదిరిగి, మర్నాడు మళ్లీ వెళ్లాం.

చూడడానికి ఏమీ లేని చోటొకటి కూడా నా జాబితాలో ఉంది. 'తియెంపోస్ వియెహోస్' పాటలో మిరేయాతో పాటు పేరు వినిపించే హాన్సెన్ కెఫే పలెర్మో ఉద్యానవనంలో, ఇప్పటి నక్షత్రశాలకు దగ్గరలో ఉండేది. 1912లోనే పడగొట్టారు. అంటే రొమేరో ఆ పాట రాసేనాటికే అది లేదు. తన పాటలో ఇటుక ఇటుకా పేర్చి, సినిమాలో మళ్లీ కట్టించుకున్నాడు. చెట్ల కింద గడ్డి మీద కూర్చుని మేము తెచ్చుకున్న పులిహోర తిన్నాం. మా వారు అక్కడే గంటసేపు నిద్రపోయారు. ఖర్చు సున్నా, అసౌకర్యం సున్నా.

బోకా ప్రాంతంలో పాబ్లో దూక్రోస్ ఈకెన్ సినిమా మ్యూజియం ఉంది. రంగురంగుల ఇళ్ల కమినీతో వీధికి బారులు తీరే పర్యాటకుల్లో ఇక్కడికి వచ్చేవారు కొద్దిమందే. పాత కెమెరాలు, దుస్తులు, పోస్టర్లు చక్కగా పెట్టారు. 2008లో ఫ్రిట్జ్ లాంగ్ 'మెట్రోపొలిస్' దాదాపు పూర్తి నిడివి ప్రతి దొరికింది ఈ మ్యూజియం భాండాగారంలోనే. ప్రపంచం పోగొట్టుకున్న జర్మన్ సినిమాను దాచిన దేశమే తన సొంత సినిమాల నెగెటివ్‌లను ఎన్నింటినో పోగొట్టుకుంది. 'కాళిదాస్' మొదలు మన తొలినాళ్ల సినిమాలు ఎన్ని మిగిలాయో తెలిసిన మనం వారిని తప్పుపట్టలేం. ఆ ప్రాంతానికి టాక్సీలో వెళ్లి టాక్సీలో రావడం మేలు. కాలినడకన సందుల్లోకి దిగవద్దని మా ఇంటి యజమానురాలు రెండుసార్లు చెప్పింది.

మెట్రోకు, బస్సుకు, రైలుకు కలిపి 'సూబె' కార్డు ఒక్కటే చాలు. ఒక కార్డు ఇద్దరికీ వాడుకోవచ్చు. నగదు కొంత దగ్గర ఉంచుకోవాలి. మారకపు ధరలు త్వరత్వరగా మారతాయి కాబట్టి డాలర్లన్నీ ఒకేసారి మార్చుకోవడం తెలివైన పని కాదు.

చివరి రోజుకు ముందు సాయంత్రం, శాన్ మార్తీన్ నాటకశాల పదో అంతస్తులోని లుగోనెస్ హాల్లో రొమేరో సినిమా ఒకటి వేస్తున్నారని తెలిసి వెళ్లాం. టికెట్టు మా రెండు కాఫీల ఖరీదు కూడా లేదు. కింద ఉపశీర్షికలు లేవు. ప్రింటు మీద గీతలు, మధ్యలో ఒకచోట మాట తెగి పడింది. చుట్టూ ఉన్నవారిలో ఎక్కువమంది డెబ్బై దాటినవారు. కతీత నోరు తెరవగానే వాళ్లు ముందే నవ్వుతున్నారు, కొందరు ఆమెతో పాటే పెదవులు కదుపుతున్నారు. నాకు మూడో వంతు అర్థమైంది. స్పానిష్ ముక్క రాని మా వారు మాత్రం, పక్కన కూర్చున్న పెద్దావిడ నవ్వినప్పుడల్లా నవ్వి, బయటికి వచ్చాక లిఫ్టులో, "ఆ గయ్యాళి పిల్ల వేసిన సినిమాలు ఇంకా ఎన్ని ఉన్నాయి?" అని అడిగారు.