విమానం ఎలివేటర్ డిగ్రీలు కొలిచే చిన్న డబ్బా: కొన్నేళ్ల వాడకం తర్వాత

సొంతంగా విమానం కట్టుకుంటున్నవాళ్లు ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక), ఎయిలరాన్ (విమానాన్ని పక్కకు వంచే రెక్క పలక) ఎన్ని డిగ్రీలు తిరుగుతున్నాయో చూసుకోవడానికి ఏం కొనాలని అడిగితే, వడ్రంగులు రంపం బ్లేడు కోణం సరిచేసుకోవడానికి వాడే చిన్న డిజిటల్ యాంగిల్ గేజ్ కొనమంటాను. కట్టేటప్పుడు కొన్నది, ఎగరడం మొదలయ్యాక ఏటేటా తనిఖీలో కూడా అదే వాడుతున్నాను. పనికొచ్చే వస్తువే. కాకపోతే పెట్టె మీద రాసిన 0.2 డిగ్రీల కచ్చితత్వం చూసి మురిసిపోతే లాభం లేదు. అది కొలిచేది నేలతో పోల్చి. మనకు కావలసింది స్టెబిలైజర్‌తో, అంటే ఎలివేటర్ తగిలించి ఉన్న కదలని తోక రెక్కతో పోల్చి.

ఈ తేడా ఎలివేటర్ దగ్గరే బాగా తెలుస్తుంది. నా ప్లాన్ల ప్రకారం అది పైకి 25 నుంచి 30, కిందికి 20 నుంచి 25 డిగ్రీలు తిరగాలి. ఎలివేటర్‌ను స్టెబిలైజర్‌తో ఒకే వరసకు తెచ్చి, గేజ్ పెట్టి సున్నా నొక్కుతాం. ఆ తర్వాత స్టిక్ (పైలట్ చేతిలోని నడిపే కర్ర) లాగి పట్టుకోమని ఎవరినైనా కాక్‌పిట్‌లోకి ఎక్కించామా, చక్రాలను మోసే గేర్ కాళ్లూ టైర్లూ కుంగి విమానం వాలే మారిపోతుంది. గేజ్ మాత్రం ఆ వాలును కూడా ఎలివేటర్ లెక్కలో వేసేస్తుంది. అందుకని నేను మనిషిని ఎక్కించను. సీటు బెల్టుతో స్టిక్‌ను వెనక్కి కట్టేస్తాను. రెండు గేజ్‌లు ఉంటే ఇంకా హాయి: ఒకటి స్టెబిలైజర్ మీద, ఒకటి ఎలివేటర్ మీద పెట్టి తేడా తీసుకుంటే సరి.

అడుగున ఉన్న అయస్కాంతాన్ని గొప్పగా చెప్పుకుంటారు గానీ అల్యూమినియం మీద అది దండగే. రెండు చెక్క పట్టీలకు లోపల ఫెల్ట్ అంటించి, కొలవాల్సిన పలక వెనక అంచును వాటి మధ్య పట్టి, పైపట్టీకి ఒక ఇనుపముక్క బిగించాను. గేజ్ దానికి అంటుకుంటుంది. పట్టీ హింజ్ (పలక తిరిగే కీలు) గీతకు సరిగ్గా అడ్డంగా ఉండాలి. ఏటవాలుగా పెడితే అంకె తక్కువ చూపిస్తుంది.

ఎయిలరాన్‌కు నా ప్లాన్ అడిగేది పైకి 25 నుంచి 32, కిందికి 15 నుంచి 17. కిందికి దిగిన ఎయిలరాన్ వైపు డ్రాగ్ (గాలి వెనక్కి లాగే బలం) పెరిగి ముక్కును తిరగాల్సిన దిక్కుకు ఎదురుగా లాగుతుంది కాబట్టి పైకి ఎక్కువ, కిందికి తక్కువ ఉంచుతారు. పాత టైగర్ మాత్ శిక్షణ విమానంలో అయితే ఈ తేడా మరీ ఎక్కువ. ఈ తేడా బెల్‌క్రాంక్ (స్టిక్ కదలికను మలుపు తిప్పి ఎయిలరాన్‌కు అందించే మడత చేయి) అమరికలోనే ఉంటుంది. అంకెలు కుదరకపోతే స్టాప్ (కదలికను ఆపే అడ్డు) జోలికి వెళ్లేముందు బెల్‌క్రాంక్ మధ్యస్థానంలో ఉందో లేదో చూడాలి.

రడ్డర్ (ముక్కును కుడికీ ఎడమకీ తిప్పే నిలువు తోక పలక) దగ్గర గేజ్ చేతులెత్తేస్తుంది. హింజ్ నిలువుగా ఉంటుంది కాబట్టి రడ్డర్ తిరిగినా నేలతో దాని వాలు పెద్దగా మారదు. అక్కడ కొలత టేపే దిక్కు. హింజ్ గీత నుంచి వెనక అంచు 450 మి.మీ. దూరంలో ఉన్నచోట, మధ్య స్థానం నుంచి ఆ అంచు జరిగిన దూరాన్ని తిన్నగా కొలిస్తే 30 డిగ్రీలకు 233 మి.మీ., 35కి 271 మి.మీ. రావాలి. రడ్డర్ మరీ ఎక్కువ తిరిగితే ఎలివేటర్‌కు తగిలే ప్రమాదం ఉంది కాబట్టి ఇది తేలిగ్గా తీసుకునే కొలత కాదు.

పదో వంతు డిగ్రీ కోసం గంటలు గంటలు కూర్చునేవాళ్లను చూస్తే జాలేస్తుంది. నా పుష్‌రాడ్ (స్టిక్ కదలికను పలకకు చేర్చే కడ్డీ) చివర బోల్టు పట్టే రాడ్ ఎండ్‌కు అంగుళానికి 28 మర చుట్లు. అర చుట్టు తిప్పితే పొడవు 0.45 మి.మీ. మారుతుంది, అంటే నా ఎలివేటర్ హార్న్ (పుష్‌రాడ్ తగిలించే కొమ్ము) మీద ఇంచుమించు మూడో వంతు డిగ్రీ. అంతకంటే చిన్న మార్పు చేద్దామన్నా బోల్టు రంధ్రం ఎదురుపడదు. పైగా పుష్‌రాడ్ పొడవు మారిస్తే ఒక వైపు పెరిగింది రెండో వైపు తగ్గుతుంది. హద్దు పెట్టేది స్టాపే. నా ఎలివేటర్ స్టాప్ ఒక అల్యూమినియం యాంగిల్ ముక్క. ఆకురాయితో రెండు రుద్దులు, మళ్లీ కొలత, మళ్లీ రెండు రుద్దులు. ఎక్కువ అరిగిపోతే కొత్త ముక్క చేసుకోవాల్సిందే.

స్టిక్ ఆగేది స్టాప్ దగ్గరా, సీటు కుషన్ దగ్గరా అన్నది గేజ్ చెప్పదు. కుషన్లు వేసి, బెల్టులు పెట్టి, స్టిక్‌ను నాలుగు మూలలకూ తిప్పి చూడాలి. ఒక్కరమే కూర్చుని ఫ్లాప్స్ (దిగేటప్పుడు కిందికి దించే రెక్క వెనక పలకలు) పూర్తిగా దించి దిగేటప్పుడు బరువు ముందువైపు ఉంటుంది. అప్పుడు కుషన్ రెండు డిగ్రీలు మింగేసి ఉంటే ముక్కు ఎత్తడానికి స్టిక్ చాలకపోవచ్చు.

ఇక చిరాకులు. కాసేపు కదపకపోతే తనంతట తానే ఆరిపోతుంది, పెట్టుకున్న సున్నా కూడా దాంతోపాటే పోతుంది. ఆఫ్ చేసినా బ్యాటరీ తినేస్తూనే ఉంటుంది కాబట్టి తీసి పక్కన పెడతాను. పైకా కిందికా అన్న బాణం గుర్తు ఎండలో సరిగా కనబడదు. అది చూసి దిక్కు నిర్ధారించుకోవద్దు. పుష్‌రాడ్ ఊడదీసి బిగించిన ప్రతిసారీ స్టిక్ పట్టుకుని, బొటనవేలు పైకెత్తి పక్కకు వంచుతాను. వేలు చూపించిన వైపు ఎయిలరాన్ పైకి లేవాలి. జామ్ నట్ (రాడ్ ఎండ్ తిరగకుండా పట్టే నట్) బిగించి రంగు గుర్తు పెట్టేది అది చూశాకే.

ఫోన్ యాప్ సరిపోదా అంటారు. ఫ్లాప్స్‌కు సరిపోతుంది. వెనక కెమెరా ఉబ్బు వల్ల ఫోన్ పట్టీ మీద తిన్నగా కూర్చోదు గనక మిగతావాటికి నేనైతే నమ్మను.