బేగంబజారులో స్పైరల్ స్లైసర్: ఏది కొనాలి, ఏది వద్దు

క్యారెట్, కీరా, ఆలుగడ్డలను సేమియాలా పొడుగు తీగలుగా తీసే జపాన్ తరహా స్పైరల్ స్లైసర్ కోసం హైదరాబాద్ వచ్చేవాళ్లు ముందే ఒకటి తేల్చుకోవాలి. అచ్చంగా జపాన్‌లో తయారైన సరుకే కావాలా, ఆ పద్ధతిలో పనిచేసేదైతే చాలా? జపాన్‌దే కావాలంటే ఎండలో బజారంతా తిరగడం కంటే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడమే నయం. ఆ పద్ధతిది చాలనుకుంటే మాత్రం చేత్తో తిప్పి చూడకుండా కొనొద్దు. అలా తిప్పి చూసేందుకు నగరంలో బేగంబజారును మించిన చోటు లేదు.

అసలు ఈ పనిముట్టు చేసే పనేమిటంటే, జపాన్ వంటవాళ్లు తెల్ల ముల్లంగిని కత్తితో చుట్టూ చెక్కుకుంటూ కాగితమంత పల్చని పొరగా తీస్తారు. దాన్ని కత్సురాముకి అంటారు. ఆ పొరను మళ్లీ సన్నగా తరిగి పచ్చి చేప ముక్కల పక్కన పెడతారు. చేయి తిరగడానికి ఏళ్లు పట్టే ఆ పనిని హ్యాండిల్ తిప్పి కానిచ్చేదే ఈ స్లైసర్. ఇవాకుని పట్టణానికి చెందిన బెన్రినర్ కంపెనీది వీటిలో పేరున్నది. లోపల రెండు బ్లేడులుంటాయి. పళ్ల బ్లేడు కాయ మీద వరుసగా గాట్లు పెడుతుంది, చదును బ్లేడు ఆ గాట్లు పడిన పొరను కోసేస్తుంది. పళ్లు మొద్దుబారితే గాటు పూర్తిగా దిగదు, తీగలు విడివడకుండా రిబ్బనులా అతుక్కుని వస్తాయి. చౌక సామానులో ముందు పాడయ్యేది ఇదే.

బేగంబజారుకు మహాత్మా గాంధీ బస్ స్టేషన్ అయిన ఎంజీబీఎస్‌లో దిగితే ఆటోలో అఫ్జల్‌గంజ్ మీదుగా వెళ్లొచ్చు, సామాను లేకపోతే నడక కూడా కష్టం కాదు. సికింద్రాబాద్ స్టేషన్‌లో దిగినవాళ్లు మెట్రోలో సికింద్రాబాద్ ఈస్ట్ నుంచి పరేడ్ గ్రౌండ్ చేరి, అక్కడ గ్రీన్ లైన్ మారితే నేరుగా ఎంజీబీఎస్ వస్తుంది. సొంత కారు మాత్రం వద్దే వద్దు. తోపుడు బండ్లు, మూటల ట్రాలీలు ఎదురైతే ఆ సందుల్లో కదలడమే గగనం, ఇక పార్కింగ్ సంగతి చెప్పక్కర్లేదు. పొద్దున షాపులు తెరిచిన కొత్తలో వెళ్తే విప్పి చూపించే ఓపిక వాళ్లకుంటుంది. ఆదివారం చాలా షాపులు మూసి ఉంటాయి. దసరా, దీపావళి ముందు, పెళ్లిళ్ల సీజన్లో ఒక్క పీసు కోసం వచ్చినవాళ్లను పట్టించుకునే తీరిక ఎవరికీ ఉండదు. హోల్‌సేల్ షాపులో "డజన్ అయితేనే ఇస్తాం" అంటే బేరం ఆడుతూ నిలబడకండి, పక్కనే విడిగా అమ్మేవాళ్లుంటారు.

అడిగేటప్పుడు ఫోన్‌లో ఫొటో చూపించండి. "స్పైరల్ మెషిన్" అని మాత్రమే అంటే ఎగ్జిబిషన్‌లో పుల్లకు గుచ్చి అమ్మే స్ప్రింగ్ పొటాటో యంత్రం ముందు పెట్టే అవకాశం ఎక్కువ. అది ఆలుగడ్డను ఒకే పట్టీగా తిప్పుతుంది తప్ప తీగలు తీయదు. పెన్సిల్ షార్పెనర్‌లా కాయను లోపలికి తోసి తిప్పే గరాటు రకం ఇంకోటుంది. ధర తక్కువే, కానీ కాయ చివరికొచ్చేసరికి వేళ్లు బ్లేడు దగ్గరికి వెళ్తాయి, కాయ లావు కాస్త అటూఇటూ అయినా పట్టదు. పిల్లలున్న ఇంటికి అసలే వద్దు. ఇంటి వాడకానికి సరిపోయేది బల్లకు అతుక్కుని, పక్క నుంచి హ్యాండిల్ తిప్పే, మూడు బ్లేడులు మార్చుకునే రకం. వెంట్రుకలంత సన్నని తీగలు కావాలనుకునే కేటరింగ్‌వాళ్లకు మాత్రం జపాన్‌దే గతి, విడి బ్లేడులతో సహా ఒకేసారి తెప్పించుకోవాలి. ఒంటి బ్లేడు కోసం తర్వాత వెతికితే దొరకడం కష్టం.

షాపుకు వెళ్లేటప్పుడు సంచిలో ఒక గట్టి క్యారెట్, ఒక ఆలుగడ్డ వేసుకెళ్లండి. కోసి చూస్తానంటే కొందరు ఒప్పుకోరు, అప్పుడు కనీసం ఇవి చూడండి. బ్లేడు పెట్టెను గాడిలో పెట్టి బొటనవేలితో వెనక నుంచి నొక్కితే ఊగకూడదు. ఊగితే పొర మందం ఒకచోట ఒకలా వస్తుంది. వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూస్తే పళ్లన్నీ ఒకే ఎత్తులో ఉండాలి, ఒక్కటి వంగినా ఆ చోట తీగ రెట్టింపు లావు వస్తుంది. హ్యాండిల్ ఇరుసు ఇనుముదా ప్లాస్టిక్‌దా చూడండి. బీట్‌రూట్ లాంటి గట్టి దుంపను తిప్పినప్పుడు ప్లాస్టిక్ ఇరుసు మొదట్లోనే విరుగుతుంది. కాయను పట్టుకునే ముళ్ల చక్రంలో ముళ్లు పొడుగ్గా, దట్టంగా ఉండాలి, లేదంటే కాయ జారి హ్యాండిల్ ఒట్టిగా తిరుగుతుంది.

అడుగున ఉన్న రబ్బరు కప్పులు షాపులోని చెక్క బల్లకు అంటవు, దాన్ని చూసి సామాను బాగాలేదనుకోవద్దు. గాజు కౌంటర్ మీద పెట్టి నొక్కమనండి. మన ఇళ్లలో నున్నటి గ్రానైట్‌కు, తడిగుడ్డతో తుడిచి నొక్కితే, గట్టిగా పట్టుకుంటాయి. గరుకు షాబాద్ బండ మీదా, టైల్స్ అతుకుల మీదా నిలవవు. అలాంటి వంటింటికి రబ్బరు కప్పులు కాకుండా బల్ల అంచుకు బిగించే క్లాంపు ఉన్నదే తీసుకోవాలి.

హైటెక్ సిటీలో 2018 ఆగస్టులో తెరిచిన ఐకియా రాయదుర్గం మెట్రోకు దగ్గర. బిల్లు, ఏసీ, తీరిగ్గా చూసుకునే వీలు అన్నీ ఉంటాయి. కాకపోతే అక్కడ క్యారెట్ తిప్పి చూడలేరు, ఈ ఒక్క వస్తువు కోసం అంత దూరం పోవడం దండగ. మిగతా ఇంటి సామాను కూడా కొనేదుంటే వెళ్లండి. మాల్స్‌లో ఉండేది ఎక్కువగా గరాటు రకమే, ప్యాకింగ్ మాత్రం ఘనంగా ఉంటుంది.

రాత్రి ఉండాల్సి వస్తే నాంపల్లి, ఆబిడ్స్ లాడ్జిలు బేగంబజారుకు దగ్గర. గది చూశాకే అడ్వాన్సు ఇవ్వండి, రోడ్డు వైపు గదిలో హారన్ల మోత తెల్లవార్లూ తప్పదు. గచ్చిబౌలి హోటళ్లు ప్రశాంతం, కానీ రాయదుర్గం దాకా వచ్చి మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి రావాలి. పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లేవాళ్లకు గదే అక్కర్లేదు, స్టేషన్ క్లోక్‌రూమ్ చాలు. అక్కడ టికెట్ చూపించాలి, బ్యాగుకు తాళం ఉండాలి.

కాయల విషయానికొస్తే, మరీ సన్నగా ఉంటే హ్యాండిల్ తిప్పే స్లైసర్‌లో తీగలకు బదులు అరచంద్రాల ముక్కలు పడతాయి. రైతుబజారు నాటు ముల్లంగి చాలావరకు సన్నం, తల వైపు లావు భాగమే పనికొస్తుంది. క్యారెట్ ఊటీది ఎంచుకోండి. రెండు చివరలూ సమంగా, ఒకదానికొకటి ఎదురుగా కోసి, మెషిన్‌లో పట్టే పొడవుకు మించకుండా పెట్టాలి. వంకర కాయను మధ్యకు రెండుగా కోస్తే తిన్నగా వస్తుంది. ముదురు కీరా గింజల దగ్గర తెగిపోతుంది, లేతదే తేవాలి, ఉప్పు వడ్డించేముందు చల్లాలి. ఆలుగడ్డ తీగలను నీళ్లలో రెండుసార్లు కడిగి, గుడ్డ మీద ఆరబెట్టి వేయిస్తేనే అతుక్కోవు. కాయ మధ్యలో పెన్సిలంత కాడ, చివర చిన్న బిళ్ల ప్రతిసారీ మిగులుతాయి. పప్పులోనో సాంబారులోనో వేసుకోండి.

కడిగేటప్పుడు వేలు పెట్టకుండా పాత టూత్‌బ్రష్‌తో పళ్ల దిశలోనే తోమి, వెంటనే తుడవాలి. బోరు నీళ్లు ఆరిపోతే పళ్ల మధ్య తెల్లగా గడ్డ కడుతుంది, నిమ్మచెక్కతో రుద్దితే పోతుంది. మొద్దుబారాయని సాన పట్టేవాళ్లకు ఇవ్వకండి. చక్రం మీద పళ్ల ఎత్తు తగ్గిపోతుంది, ఆ తర్వాత గాటే పడదు.

మెట్రోలో తిరిగి వెళ్లేవాళ్లకు ఇంకో మాట. బ్యాగు స్కానర్‌లో బ్లేడులు కనిపించి ఆపే అవకాశం ఉంది. షాపులో విప్పి చూశాక పెట్టెకు మళ్లీ టేపు వేయించుకుని, బిల్లు పైనే ఉంచుకోండి. విమానంలో అయితే చేతి బ్యాగులో పెట్టొద్దు, చెక్-ఇన్‌లో వేయాలి. నాలుగైదు పీసులు కొన్నవాళ్లు మోసుకుపోవడం కంటే ఎంజీబీఎస్‌లో ఆర్టీసీ కార్గో కౌంటర్‌లో ఇచ్చేయడం సుఖం. పెట్టె మీద "ప్లాస్టిక్, జాగ్రత్త" అని రాయించి, హ్యాండిల్‌ను విడదీసి వేరుగా గుడ్డలో చుట్టాలి, దెబ్బ తగిలితే ముందు విరిగేది అదే.