వియన్నా నుంచి బ్రాటిస్లావా: పదిహేడుసార్లు వెళ్ళొచ్చాక

వియన్నాలో కాపురం పెట్టి ఏడేళ్ళయింది. ఈ ఏడేళ్ళలో మా ఇంటికి వచ్చిన చుట్టాలందరూ రెండో రోజో మూడో రోజో రాత్రి భోజనాల దగ్గర ఒకే మాట అడుగుతారు. "ఎలాగూ ఇంత దూరం వచ్చాం కదా, పక్కన ఇంకో దేశం ఏదైనా చూసి రావచ్చా?" అది కూడా రేపో ఎల్లుండో అయిపోవాలి. ఆ తర్వాతి రోజు వాళ్ళకి తిరుగు విమానం.

మొదట్లో బుడాపెస్ట్, ప్రాగ్ టికెట్ల కోసం రాత్రి పన్నెండు దాకా ఫోన్ పట్టుకుని కూర్చునేదాన్ని. బుడాపెస్ట్ రైల్లో రెండున్నర గంటలు దాటుతుంది. ప్రాగ్ అయితే నాలుగు గంటలు. అది పెద్ద సమస్య కాదు. నెల ముందు చౌకగా దొరికే టికెట్టు ముందు రోజు చూస్తే కళ్ళు తిరుగుతాయి. నలుగురికి రానుపోను లెక్క వేసేసరికి మా ఆయన మెల్లగా టీవీ రిమోట్ అందుకునేవారు. ఆ రాత్రుల్లో ఒకసారి విసుగెత్తి "సరే, బ్రాటిస్లావా వెళ్దాం పదండి" అన్నాను. పక్కనున్న స్లొవాకియాకి రాజధాని అది. అలా మొదలైంది. ఇప్పటికి పదిహేడుసార్లు. రైల్లో, బస్సులో, పడవలో కూడా.

విజయవాడకీ ఏలూరుకీ ఎంత దూరమో, వియన్నాకీ బ్రాటిస్లావాకీ ఇంచుమించు అంతే. మాది ఏలూరు కాబట్టి ఈ లెక్క నాకు ఇట్టే అర్థమవుతుంది. రోమ్, వాటికన్ సంగతి పక్కన పెడితే యూరప్‌లో ఇంత దగ్గరగా ఉన్న రాజధానులు ఇంకెక్కడా లేవు. రైలు గంటో, గంటకి కాస్త పైనో తీసుకుంటుంది. ఇది స్థానిక రైలు, కాబట్టి సీటు రిజర్వేషన్ గొడవ లేదు. అన్నిటికన్నా నాకు నచ్చింది, ఎప్పుడు కొన్నా టికెట్టు ధర మారదు. బయల్దేరడానికి ఐదు నిమిషాల ముందు కొన్నా అదే రేటు. రానుపోను కలిపి ఒక ప్రత్యేక టికెట్టు ఉంటుంది. నేను మొదటిసారి కొన్నప్పుడు 16 యూరోలు, తర్వాత కాస్త పెరిగింది. తిరిగి రావడానికి నాలుగు రోజుల గడువు. వెళ్ళిన రోజు బ్రాటిస్లావాలో ట్రాములు, బస్సులు కూడా అందులోనే. స్టేషన్‌లో ఎర్ర మెషిన్ దగ్గర కొనచ్చు, లేదా ఆస్ట్రియా రైల్వే యాప్‌లో.

ఈ టికెట్టు విలువ మా తమ్ముడు వచ్చినప్పుడు తెలిసింది. వియన్నా మెయిన్ స్టేషన్‌లో ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాక అడిగాను, "పాస్‌పోర్ట్ తెచ్చావు కదా?" అని. "ఫోన్‌లో ఫోటో ఉందక్కా" అన్నాడు. షెంగెన్ అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి, దాని లోపల సరిహద్దు దగ్గర గేట్లూ స్టాంపులూ ఉండవు, నిజమే. స్లొవాకియా 2007 డిసెంబర్‌లో షెంగెన్‌లో చేరింది. కానీ పోలీసులు రైలెక్కి తనిఖీ చేసిన రోజులు నేను చూశాను. అసలు పాస్‌పోర్ట్, అందులో వీసా స్టిక్కర్ చూపించాలి, ఫోటో పనికిరాదు. ఇంటికి వెనక్కి వెళ్ళాం. మూడు మెట్రో స్టేషన్లు, లిఫ్టు, బీరువా, మళ్ళీ మూడు మెట్రో స్టేషన్లు. తర్వాతి రైలెక్కాం. అదే టికెట్టు. ప్రాగ్ చౌక టికెట్టు అయ్యుంటే ఆ రైలుతో పాటు డబ్బులూ పోయేవి.

వీసా సంగతి ఎలాగూ వచ్చింది కాబట్టి ఇంకొక్క మాట. మా మరిది ఒకసారి బుడాపెస్ట్ దాకా వెళ్ళి, అక్కణ్ణించి బెల్‌గ్రేడ్ చూసొస్తానని ప్లాన్ వేశాడు. మ్యాప్‌లో దగ్గరే. కానీ సెర్బియా షెంగెన్‌లో లేదు. అతనిది సింగిల్ ఎంట్రీ వీసా. వెళ్ళడానికి వెళ్ళొచ్చు, తిరిగి వియన్నా విమానం ఎక్కడానికి రాలేడు! టికెట్టు కొనే ముందు రాత్రి చూసుకున్నాం కాబట్టి బతికిపోయాం. బ్రాటిస్లావాకి ఈ టెన్షన్ లేదు. పైగా అక్కడ 2009 నుంచీ యూరోలే. చెక్ క్రౌన్లు, హంగేరీ ఫోరింట్‌లు మార్చుకుని, మిగిలిన చిల్లర డబ్బాలో వేసి మర్చిపోయే పని ఉండదు.

ఇప్పుడు నా ఘనకార్యం చెప్తాను. వియన్నా నుంచి బ్రాటిస్లావాకి రెండు దారులున్నాయి. ఒకటి మార్హెగ్ మీదుగా వెళ్ళి హ్లావ్నా స్టానిట్సాకి, అంటే మెయిన్ స్టేషన్‌కి చేరుతుంది. రెండోది దక్షిణం వైపు నుంచి వెళ్ళి పెట్ర్జల్కా దగ్గర ఆగిపోతుంది. అది డాన్యూబ్ నదికి ఇవతలి ఒడ్డు. పాత ఊరు అవతలి ఒడ్డున ఉంటుంది. మొదటిసారి పిన్నినీ బాబాయినీ తీసుకెళ్ళినప్పుడు బోర్డు మీద బ్రాటిస్లావా అన్న మాట కనబడగానే ఎక్కేశాను. దాని పక్కన ఉన్న రెండో మాట చదవలేదు. దిగి బయటికి వస్తే కోట లేదు, చర్చి లేదు. ఎటు చూసినా కమ్యూనిస్టుల కాలంలో కట్టిన పొడుగాటి అపార్ట్‌మెంట్లు, వరసగా, అగ్గిపెట్టెలు పేర్చినట్టు. లక్షమంది దాకా ఉండే పేట అది. పిన్ని చుట్టూ ఒకసారి చూసి, "ఇదేనా నువ్వు చెప్పిన ఊరు? మన హౌసింగ్ బోర్డు కాలనీలా ఉందే" అంది. బాబాయి మాత్రం అంతలోనే రెండు ఫోటోలు తీశారు, దేశం మారింది కదా అని.

తప్పు దిద్దుకోవడం కష్టం కాలేదు. అక్కణ్ణించి సిటీ బస్సెక్కితే వంతెన దాటించి పాత ఊరి అంచున దింపేస్తుంది. అయినా మొదటిసారి వెళ్ళేవాళ్ళు హ్లావ్నా స్టానిట్సా రైలే ఎక్కండి. ఆ స్టేషన్ కూడా చూడ్డానికి ఏమంత బాగుండదు, ముందే చెప్తున్నా. కానీ అక్కణ్ణించి కిందికి దిగుతూ నడిస్తే ఇరవై, ఇరవై ఐదు నిమిషాల్లో పాత ఊరు. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు ఏ స్టేషన్ దగ్గరైతే ఆ రైలెక్కేస్తాం. టికెట్టు రెండు దారులకీ చెల్లుతుంది.

మార్హెగ్ దారిలో నాకు ఇష్టమైన చోటు ఒకటుంది. పొలాలు దాటాక రైలు ఒక చిన్న నది మీదుగా వెళ్తుంది. మొరావా నది. అదే సరిహద్దు. పక్కనున్నవాళ్ళ ఫోన్లు టింగ్ టింగ్‌మని మోగుతాయి, స్లొవాకియాకి స్వాగతం అని మెసేజ్. మా మామయ్యగారు ఫోన్ చూసుకుని, కిటికీలోంచి వెనక్కి తిరిగి చూసి, "ఇంతేనా? దాటేశామా?" అన్నారు. ఆయన రెవెన్యూలో పనిచేసి రిటైరయ్యారు, హద్దురాళ్ళ మీద ఆయనకి మహా పట్టింపు. కమ్యూనిస్టుల పాలన పోయిన 1989 దాకా ఈ నది ఒడ్డున ముళ్ళ కంచెలూ తుపాకులూ ఉండేవనీ, దాటబోయి చనిపోయినవాళ్ళకి డెవీన్ కోట కింద స్మారకం కట్టారనీ చెప్పాను. ఆయనేం మాట్లాడలేదు. డబ్బా మూత తీసి పులిహోర పెట్టమన్నారు. నది ఇంకా కనబడుతుందేమోనని మెడ తిప్పి చూస్తూనే తిన్నారు.

ఊరి విషయానికొస్తే, ఇక్కడ చాలామంది నిరాశ పడతారు. ప్రాగ్‌లా ఉంటుందనుకుని వస్తే ఉండదు. పాత ఊరంతా రెండు గంటల్లో తిరిగేయొచ్చు. వియన్నాలో ప్యాలెస్‌లు చూసి అలిసిపోయినవాళ్ళకి ఆ చిన్నతనమే హాయి అని నా అభిప్రాయం. మిఖాయిల్ గేటు కింద నుంచి లోపలికి వెళ్ళి, మెయిన్ స్క్వేర్‌లో కాఫీ తాగి, మ్యాన్‌హోల్‌లోంచి తల బయటికి పెట్టిన చుమిల్ అనే కంచు మనిషి దగ్గర ఫోటో దిగితే పిల్లల పని అయిపోయినట్టే. అందరూ నిమిరి నిమిరి ఆ తల నున్నగా మెరుస్తూ ఉంటుంది.

పెద్దవాళ్ళని మాత్రం సెయింట్ మార్టిన్ చర్చికి తప్పకుండా తీసుకెళ్తాను. టర్కులు హంగేరీ మీదికి దండెత్తి వచ్చాక ఆ రాజ్యానికి రాజధాని ఈ ఊరికే మారింది. అప్పట్లో దీని పేరు ప్రెస్‌బుర్గ్. 1563 నుంచి 1830 దాకా హంగేరీ రాజులకీ రాణులకీ పట్టాభిషేకాలు చాలావరకు ఈ చర్చిలోనే. గోపురం మీద శిలువ ఉండాల్సిన చోట బంగారు పూత కిరీటం ఉంటుంది, మూడు వందల కిలోల బరువట. ముందు రోజు షోన్‌బ్రున్ ప్యాలెస్‌లో గదిగదిలోనూ బొమ్మలు చూసిన మరియా తెరీసాకి 1741లో కిరీటం పెట్టింది ఇక్కడే అని చెప్తే అత్తయ్యగారికి ఒక్కసారిగా ఆసక్తి పుట్టింది. "ఆవిడేనా, పదహారు మంది పిల్లల్ని కన్నావిడ?" అని చర్చి లోపల గొంతు తగ్గించకుండా అడిగారు.

కోట దాకా ఎక్కడం మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి కష్టం. పాత ఊరి వీధుల్లో గుండ్రాళ్ళు పరిచి ఉంటాయి, వాటి మీద చెప్పులతో నడవడం ఇంకా కష్టం. అత్తయ్యగారికి బూట్లు వేయించకుండా తీసుకెళ్ళినందుకు ఆ రాత్రి ఆయింట్‌మెంట్ నేనే రాశాను. కోట దగ్గరికి ట్రాలీబస్సు ఉంది, ఎక్కేయండి. కోట బయటి నుంచే బాగుంటుంది. 1811లో తగలబడిపోయి, నూట నలభై ఏళ్ళు శిథిలంగా పడి ఉంటే, ఇరవయ్యో శతాబ్దంలో మళ్ళీ కట్టారు. అందుకే తెల్లగా, కొత్తగా, నాలుగు మూలలా నాలుగు బురుజులతో, తిరగేసిన బల్లలా కనిపిస్తుంది. ఆ పోలిక ఊరివాళ్ళదే. అక్కడ గోడ దగ్గర నిలబడితే డాన్యూబ్, దాని మీద 1972లో కట్టిన వంతెన, వంతెన నెత్తిన పళ్ళెంలా రెస్టారెంటు, దూరంగా ఆస్ట్రియా గాలిమరలు. గోదావరి చూసి పెరిగిన కళ్ళకి డాన్యూబ్ వెడల్పు ఏం ఆనదు. పుష్కర ఘాట్ దగ్గర పెరిగిన మా వదినైతే "ఇది కాలవ కదూ" అనేసింది.

తిండి దగ్గర జాగ్రత్త. హలుష్కీ అని బంగాళాదుంప పిండితో చేసిన చిన్న చిన్న ఉండలుంటాయి. వాటి మీద గొర్రెపాల జున్ను కలుపుతారు. నాకు బాగా ఇష్టం. కానీ పైన పంది కొవ్వు ముక్కలు వేయించి చల్లుతారు. ఒక రెస్టారెంట్‌లో శాకాహారం అని రెండుసార్లు చెప్పినా, సర్వర్ తలూపి, ఆ ముక్కలతోనే తెచ్చాడు. పిన్ని గోధుమరంగు ముక్కని ఫోర్క్‌తో పైకెత్తి, "ఇవి వేయించిన ఉల్లిపాయలా?" అని అడిగింది. నేను ఒక క్షణం ఆలస్యంగా చెప్పుంటే ఈ సమీక్ష రాసేదాన్ని కాదు. ప్లేటు వెనక్కి పంపాం. అప్పటినుంచీ "బెజ్ స్లానినీ" అన్న రెండు మాటలు బట్టీ పట్టాను, పంది కొవ్వు వద్దు అని. డిసెంబర్‌లో వెళ్తే క్రిస్మస్ సంతలో లోక్షె దొరుకుతాయి, బంగాళాదుంపతో చేసిన పల్చటి రొట్టెలు. గసగసాలు, పంచదార వేసినవి తీసుకోండి, రొట్టెకి కొవ్వు రాశారేమో మాత్రం అడగండి.

బస్సు మూడుసార్లు ఎక్కాను. రైలు కన్నా చౌకగా దొరికిన రోజులున్నాయి, విమానాశ్రయం నుంచి నేరుగా వెళ్ళాలంటే బస్సే మేలు. కానీ ఒక సాయంత్రం వంతెన కింద స్టాపులో తిరుగు బస్సు కోసం గంటా పది నిమిషాలు నిలబడ్డాం, నవంబర్ గాలిలో. ఆ కంపెనీ నుంచి ఒక్క మెసేజ్ లేదు. రైలైతే గంటకి ఒకటైనా ఉంటుంది, ఒకటి తప్పితే ఇంకొకటి.

పడవ ఒక్కసారే ఎక్కాం, మా పెళ్ళిరోజుకి. వియన్నాలో ష్వేడెన్‌ప్లాట్జ్ దగ్గర బయల్దేరే, వేగంగా వెళ్ళే పడవ. వెళ్ళేటప్పుడు ప్రవాహంతో పాటు గంటా పావు, వచ్చేటప్పుడు ఎదురు కాబట్టి గంటన్నర. చలికాలంలో కొన్నాళ్ళు ఆపేస్తారు. రైలు కన్నా బాగా ఖరీదు. వేసవి శనాదివారాల్లో అప్పటికప్పుడు వెళ్తే సీట్లు దొరకవు, కాబట్టి చివరి నిమిషం ప్రయాణానికి ఇది పనికిరాదు. అయితే ఊరు చేరబోయే ముందు ఎడమ వైపు కొండ మీద డెవీన్ కోట కనిపిస్తుంది, నెపోలియన్ సైన్యం 1809లో పేల్చేసిన కోట. మొరావా వచ్చి డాన్యూబ్‌లో కలిసేది దాని కాళ్ళ దగ్గరే. ఆ రెండు నిమిషాల కోసం ఒకవైపు పడవ టికెట్టు కొనుక్కుని, రైల్లో తిరిగి రావచ్చు. నగరం నుంచి అక్కడికి 29 నంబరు సిటీ బస్సు కూడా ఉంది, మధ్యాహ్నం ఖాళీ ఉంటే వెళ్ళండి.

ఏ రోజు వెళ్ళాలి అని అడుగుతారు. నా ఓటు ఆదివారానికే. వియన్నాలో ఆదివారం షాపులన్నీ మూసేస్తారు, చుట్టాలకి తోచదు. బ్రాటిస్లావాలో పండగ రోజులు తప్ప ఆదివారాలు తెరిచే ఉంటాయి. మా వాళ్ళు షాపింగ్ మాల్‌లో గడిపినంత సేపు చర్చిలో గడపలేదన్నది వేరే విషయం.

వచ్చే నెల మా అమ్మావాళ్ళు వస్తున్నారు. "ఈసారి ముందే ప్లాన్ చేసి ప్రాగ్ బుక్ చెయ్యవే" అని అమ్మ ఇప్పటికే మూడుసార్లు చెప్పింది. ఇంకా చెయ్యలేదు.