“పొట్టకు మంచిది” అని అమ్మే విటమిన్ గమ్మీలతో జాగ్రత్త: ఐబీఎస్ ఉన్నవాళ్ళకు హెచ్చరిక

ఐబీఎస్ (తరచూ కడుపునొప్పి, ఉబ్బరం, విరేచనాలో మలబద్ధకమో తెచ్చే పేగు సమస్య) ఉండి విటమిన్లు, సప్లిమెంట్లు ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళు ఇది పూర్తిగా చదవండి. డబ్బా ముందు వైపు “పొట్టకు మంచిది”, “చక్కెర లేదు”, “ప్రీబయోటిక్ ఫైబర్‌తో” అనే మాటలు కనిపిస్తే వెంటనే కొనేయకండి. మిగతావాళ్ళకు పడొచ్చేమో గానీ, మనలో చాలామందికి సరిగ్గా అవే పడవు.

నేను కొన్నవి మల్టీవిటమిన్ గమ్మీలు. కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. ఐబీఎస్ ఉన్నవాళ్ళు కూడా నిశ్చింతగా వాడొచ్చని అమ్మకం పేజీలోనే రాశారు, ఆ మాట చూసే కొన్నాను. వాడడం మొదలుపెట్టిన కొద్ది రోజులకే సాయంత్రం అయ్యేసరికి పొట్ట ఉబ్బి బిగుసుకుపోయేది. బొడ్డు కింద మెలిపెట్టినట్టు నొప్పి, ఆ వెంటనే బాత్రూమ్‌కి పరుగు. ఇంట్లోంచి బయటికి అడుగు పెట్టాలంటే టెన్షన్. గమ్మీలు ఆపేస్తే తగ్గింది. మళ్ళీ వేసుకుంటే మళ్ళీ అదే తంతు.

డబ్బా వెనక, విటమిన్ల పట్టిక కింద, “ఇతర పదార్థాలు” అని చిన్న అక్షరాల్లో ఒక వరుస ఉంటుంది. నేను కొన్నదాంట్లో మొదటిది మాల్టిటాల్ సిరప్, రెండోది ఇనులిన్, కాస్త అవతల సార్బిటాల్. పదార్థాలను బరువు ఎక్కువున్న దానితో మొదలుపెట్టి రాస్తారు కాబట్టి, గమ్మీలో అన్నిటికంటే ఎక్కువగా ఉన్నవి ఈ మొదటి రెండే.

మాల్టిటాల్, సార్బిటాల్ చక్కెరకు బదులు వాడే తీపి పదార్థాలు. ఇవి చిన్నపేగులో పూర్తిగా ఒంటికి పట్టవు. మిగిలినది నీటిని పేగులోకి లాగుతుంది, అందుకే విరేచనాలు. ఇనులిన్ షికోరీ అనే మొక్క వేరు నుంచి తీసే పీచు, ప్రీబయోటిక్ ఫైబర్ అనేది ఇలాంటి దాన్నే. అది జీర్ణం కాకుండా పెద్దపేగుకు చేరుతుంది, అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి గ్యాస్ తయారుచేస్తుంది. ఎవరి పేగులోనైనా జరిగేది ఇదే. కానీ ఐబీఎస్‌లో పేగు నరాలు అతిగా స్పందిస్తాయి. పక్కవాళ్ళకు తెలియనే తెలియని గ్యాస్ మనకు నొప్పిగా తెలుస్తుంది. ఆస్ట్రేలియాలోని మొనాష్ యూనివర్సిటీ పరిశోధకులు రూపొందించిన ఫాడ్‌మ్యాప్ ఆహార పద్ధతిలో (పేగులో సరిగ్గా పట్టకుండా పులిసే పదార్థాలను తగ్గించే పద్ధతి) మొదట తగ్గించమనే రకాల్లో ఈ మూడూ ఉన్నాయి. అలాంటిది ఐబీఎస్ వాళ్ళకు మంచిదని చెప్పి మరీ అమ్మారు.

నాకు కోపం వచ్చింది గమ్మీల మీద కంటే కస్టమర్ కేర్ ఇచ్చిన జవాబు మీద. “మీ శరీరం మంచి బ్యాక్టీరియాకు అలవాటు పడుతోంది, ఇది నయమయ్యే దశ, డోసు ఆపకండి” అన్నారు. విరేచనాలు అవుతున్న మనిషికి ఇచ్చే సలహానా ఇది? వయసు పైబడినవాళ్ళో, బీపీకి నీటి మాత్రలు (మూత్రం ఎక్కువ పోయేలా చేసేవి) వేసుకునేవాళ్ళో ఈ మాట నమ్మి కొనసాగిస్తే ఒంట్లో నీళ్ళు, లవణాలు తగ్గి ప్రమాదంలో పడతారు. డబ్బులు వెనక్కివ్వమంటే సీల్ తీసిన డబ్బా వెనక్కి తీసుకోవడం కుదరదన్నారు. సీల్ తీయకుండా పడుతుందో లేదో ఎలా తెలుస్తుంది? పైగా రక్తంలో ఐజీజీ అనే యాంటీబాడీలు చూసి ఏ ఆహారం పడదో చెప్పే టెస్ట్ కిట్ కొనమని సలహా ఇచ్చారు. ఆ యాంటీబాడీలు మనం తిన్న ఆహారానికి శరీరం మామూలుగానే తయారుచేసుకునేవి. వాటిని బట్టి ఆహారం పడదని తేల్చలేమని అలర్జీ నిపుణుల సంఘాలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. దయచేసి దానికి డబ్బు పెట్టకండి.

కంపెనీ మారిస్తే సరిపోతుందా అంటే, అదీ కాదు. నమిలే మాత్రలు, నీళ్ళలో వేస్తే బుసబుస పొంగే మాత్రలు, సిరప్‌లు, అన్నిట్లోనూ ఈ తీపి పదార్థాలు ఉండొచ్చు. కొన్ని డబ్బాల మీద పేరు ఉండదు, నంబరే ఉంటుంది. ఇవి గుర్తుపెట్టుకోండి: 420 సార్బిటాల్, 421 మానిటాల్, 953 ఐసోమాల్ట్, 965 మాల్టిటాల్, 967 జైలిటాల్. ఇనులిన్‌ను “షికోరీ రూట్ ఫైబర్” అనో, అలాంటిదే అయిన మరో పీచును “ఎఫ్‌ఓఎస్” అనో రాస్తారు. ప్రోబయోటిక్ (మంచి బ్యాక్టీరియా ఉండే) క్యాప్సూళ్ళలో కూడా ఎఫ్‌ఓఎస్ కలిపి “సిన్‌బయోటిక్” అని అమ్ముతున్నారు, చూసుకోండి.

ఇక విటమిన్లు, ఖనిజాల వల్లే వచ్చే ఇబ్బంది ఉంది. విరేచనాల రకం ఐబీఎస్ ఉన్నవాళ్ళు ముఖ్యంగా మెగ్నీషియం దగ్గర ఆగి చూడాలి. మెగ్నీషియం ఆక్సైడ్, సిట్రేట్ రూపాలు విరేచనకారులు, మలబద్ధకానికి మందుగా వాడేవే. నిద్రకనీ కండరాల నొప్పులకనీ అమ్మే డబ్బాల్లోనూ ఇవే ఉండొచ్చు. సప్లిమెంట్ ద్వారా పెద్దలు రోజుకు 350 మిల్లీగ్రాములు దాటవద్దని అమెరికాలో పరిమితి పెట్టింది కూడా ఈ విరేచనాల వల్లే. విటమిన్ సి కూడా అంతే. పెద్దలకు రోజుకు 100 మిల్లీగ్రాముల లోపే సరిపోతుంది, 1000 మిల్లీగ్రాముల మాత్రలు అమ్ముతారు, 2000 దాటితే కడుపు పాడవడం మామూలు. ఐరన్, కాల్షియం కార్బొనేట్ దీనికి విరుద్ధంగా మలబద్ధకం తెస్తాయి. ఐరన్‌తో మలం నల్లగా కూడా అవుతుంది. కానీ తారులా జిగటగా, ఘాటైన వాసనతో ఉంటే అది ఐరన్ వల్లేనని సర్దుకోకండి, లోపల రక్తం పోతుండొచ్చు.

“డీటాక్స్”, “పేగుల శుద్ధి” పొడుల జోలికి అసలు పోకండి. చాలావాటిలో ఉండేది సెన్నా, అంటే సునాముఖి ఆకు. అది పేగును బలవంతంగా కదిలించే మందు.

ప్రోబయోటిక్‌ల గురించి చాలామంది అడుగుతుంటారు. అమెరికన్ జీర్ణకోశ నిపుణుల కాలేజీ 2021లో ఇచ్చిన ఐబీఎస్ మార్గదర్శకాల్లో వాటిని సూచించలేదు. ఆధారాలు బలంగా లేవన్నది వాళ్ళ మాట. అదే మార్గదర్శకాల్లో కరిగే పీచుకు, పిప్పర్‌మింట్ నూనెకు చోటుంది. కరిగే పీచంటే ఇసబ్గోల్ లాంటిది, గోధుమ తవుడు కాదు. తవుడు కొందరికి ఉబ్బరం పెంచుతుంది. ఇసబ్గోల్ కొంచెంతో మొదలుపెట్టి, నీళ్ళు బాగా తాగుతూ పెంచాలి. అది కూడా పొడిగా, ఏమీ కలపనిదే కొనండి, నారింజ రుచి ప్యాకెట్లలో మళ్ళీ తీపి పదార్థాలు ఉండొచ్చు.

అసలు విటమిన్ అవసరమా అన్నది రక్తపరీక్ష చెప్పాలి. ఇది గట్టిగా చెబుతున్నాను: ఐబీఎస్ వల్ల పోషకాలు ఒంటికి పట్టకుండా పోవు. పరీక్షలో ఐరన్ గానీ బి12 గానీ తక్కువని వస్తే “ఐబీఎస్ ఉందిగా” అని సప్లిమెంట్ వేసుకుని ఊరుకోకండి. సీలియాక్ వ్యాధి (గోధుమల్లోని గ్లూటెన్ పడక పేగు దెబ్బతినడం), పేగులో పుండ్లు, రక్తం పోవడం, ఇలా వేరే కారణం ఉండొచ్చు. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, నిద్రలోంచి లేపే విరేచనాలు ఉన్నా అంతే, ముందు డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

నిజంగా లోపం ఉంటే మామూలు మింగే మాత్ర అడగండి, పదార్థాల జాబితా ఎంత చిన్నదైతే అంత మంచిది. ఒకేసారి రెండు మూడు మొదలుపెట్టకండి, దేంతో తేడా వచ్చిందో తెలియదు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు ఐరన్‌కీ కాల్షియంకీ దానికీ మధ్య కనీసం 4 గంటలు ఉండేలా చూసుకోవాలి.

కొనేటప్పుడు అన్నిటికంటే చిన్న ప్యాక్ తీసుకోండి, నెలనెలా దానంతటదే వచ్చే ప్లాన్ ఎంచుకోకండి. అమ్మకం పేజీలో ఐబీఎస్ గురించి ఏం రాశారో ఆర్డర్ చేసేముందే స్క్రీన్‌షాట్ తీసి దాచండి. నేను ఫిర్యాదు చేశాక ఆ గమ్మీల పేజీలోంచి ఐబీఎస్ అన్న మాట తీసేశారు. పాత పేజీ నా దగ్గర ఉండబట్టి వినియోగదారుల ఫిర్యాదుకు దాన్ని జత చేయగలిగాను. అది ఇంకా నడుస్తోంది.