పాత కంప్యూటర్‌కు ఏది మేలు: మింటా, ఉబుంటూనా, ఉన్న విండోసేనా?

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర మాకో జిరాక్స్ దుకాణం ఉంది. అందులో రెండు కంప్యూటర్లు. లోపలి దాంట్లో పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాము, "అను" పేరుతో ఉన్న తెలుగు ఫాంట్లు. పెళ్లి కార్డులు, కరపత్రాలు, సంవత్సరీకం కార్డులు అన్నీ దాని మీదే తయారవుతాయి. కౌంటర్ దగ్గరిది హాల్ టికెట్లకు, దోస్త్ (డిగ్రీ ప్రవేశాల) దరఖాస్తులకు, ఫోన్లలో వచ్చిన కాగితాలు ప్రింటు తీయడానికి. వీటికి తోడు ఈ మధ్య మా అక్క కూతురి లాప్‌టాప్ కూడా నా బల్ల మీదికి చేరింది. డిగ్రీ రెండో సంవత్సరం పిల్ల. 2016లో వాళ్ల అన్న కొని, వాడి, వదిలేసిన యంత్రం అది. ఆరో తరం ఐ3, నాలుగు జీబీల ర్యామ్. స్విచ్ నొక్కి, ఎదుటి హోటల్‌లో టీ తాగి వచ్చినా తెర మీద ఆ చుక్కలు ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి.

విండోస్ 10కు ఉచిత భద్రతా అప్‌డేట్లను మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో ఆపేసింది. 2015లో వచ్చిన సరుకు పదేళ్లు నడిచింది కాబట్టి అందులో అన్యాయమేమీ లేదు. చిక్కంతా విండోస్ 11తోనే. దానికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం లేదా ఆపైది అయి ఉండాలి. మా మూడింటిలో ఒక్కదానికీ ఆ అర్హత లేదు. "మామయ్యా, దీన్ని ఇక పాత సామాన్ల బండికి వేసేయాల్సిందేనా?" అంది మేనకోడలు. వద్దన్నాను. విండోస్ బదులు వేసుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ ఉంది, మింట్, ఉబుంటూ దాని రకాలే. ఆ తర్వాత రెండు వారాలు దుకాణం మూసే వేళకు మూడింటితోనూ కుస్తీ పట్టాను.

ఏ లినక్స్ మేలో చెప్పేముందు ఒక మాట. యంత్రం నత్తలా నడుస్తోందని విండోస్‌ను తిట్టేవాళ్లు ముందు మూత విప్పి చూడాలి. లోపల ఉన్నది తిరిగే హార్డ్ డిస్క్ అయితే ఏది ఎక్కించినా ప్రాణం లేచిరాదు. మేనకోడలి లాప్‌టాప్‌కు ముందు 256 జీబీల ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాల్లేని వేగమైన డిస్కు, బిగించాను. పదిహేను నిమిషాల పని, ఒక స్క్రూడ్రైవర్ చాలు. విండోస్ 10 కూడా ఒక్కసారిగా లేడిపిల్ల అయింది. అంత తేడా చూశాక, "లినక్స్ వేయగానే పాత కంప్యూటర్ కొత్తదైపోయింది" అనేవాళ్ల మాటలో ఎస్‌ఎస్‌డీ వాటా ఎంతో అడగాలనిపిస్తుంది.

ఇక పోటీలోకి. లినక్స్‌లో రకాలు వందల్లో ఉన్నా నేను బల్ల మీద పెట్టినవి మూడే: డెబియన్, ఉబుంటూ, మింట్. నిజానికి ఇవి ఒకే కుటుంబం. 1993లో మొదలైన డెబియన్ అమ్మమ్మ. 2004లో దాని నుంచి పుట్టిన ఉబుంటూ అమ్మ. 2006లో వచ్చిన మింట్ మనవరాలు. వంట అమ్మమ్మ చేతిదే, వడ్డించే తీరులోనే తేడా. ఫెడోరాను పక్కన పెట్టడానికి కారణం ఒక్కటే. దానికి ఆరు నెలలకొక కొత్త సంచిక వస్తుంది, ఒక్కో సంచికకు పదమూడు నెలల అండ మాత్రమే. కొత్తవాటి మీద మోజున్న కుర్రవాళ్లకు అది పండగే, నాలాంటి దుకాణదారుకు మాత్రం ఇంటికి ఏటా సున్నం వేయించినంత పని.

మొదటి పరీక్ష డౌన్‌లోడ్ దగ్గరే వచ్చింది. మా అక్కవాళ్లది దేవరకొండ వైపు పల్లె. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ లేదు, ఫోన్లో రోజుకు రెండు జీబీల ప్యాక్. ఉబుంటూ 24.04ను ఎక్కించడానికి దింపుకునే ఐఎస్‌ఓ ఫైలు ఆరు జీబీలకు దగ్గరగా ఉంటుంది, అంటే మూడు రోజుల డేటా. మింట్ 22 మూడు జీబీల లోపే. నగరంలో కూర్చుని సమీక్షలు రాసేవాళ్లు ఈ తేడాను ఒక్క వాక్యంలోనైనా పట్టించుకోరు. పల్లెలో మొదటి మార్కు ఇక్కడే పడుతుంది, అది మింట్‌కు. నేనైతే దుకాణంలో దింపి, వెంటాయ్ అనే ప్రోగ్రాము వేసిన పెన్‌డ్రైవ్‌లో మూడింటినీ పెట్టుకున్నాను. వెంటాయ్‌తో ఉన్న సుఖం అదే. ఐఎస్‌ఓ ఫైళ్లను మామూలుగా కాపీ చేస్తే చాలు, కంప్యూటర్ లేవగానే ఏది కావాలో అడుగుతుంది.

చూపుకు ఉబుంటూ అందగత్తె, అందులో సందేహం లేదు. కానీ ఎడమ అంచున నిలువుగా బొమ్మల పట్టీ, పైన మరో పట్టీ. విండోస్‌కు అలవాటు పడిన చేయి కింది ఎడమ మూలకు పోయి నొక్కితే, మెనూ బదులు తెర నిండా బొమ్మలు పరుచుకుంటాయి. మింట్ ప్రధాన రూపమైన సినమన్‌లో ఆ మూలన మెనూ ఉంటుంది, కింద పట్టీ, కుడి మూలన గడియారం. మేనకోడలిని రెండింటి ముందూ కూర్చోబెట్టి ఏమీ చెప్పకుండా చూస్తూ నిల్చున్నాను. మింట్‌లో తానే ఫైలు తెరిచి, వైఫై కలిపి, ప్రాజెక్టు కాగితాలు సర్దుకుంది. ఉబుంటూలో మొదటి ప్రశ్న, "మెనూ ఎక్కడ మామయ్యా?"

బరువు సంగతి. ఉబుంటూ 24.04 నాలుగు జీబీల ర్యామ్, 25 జీబీల స్థలం కావాలంటుంది. మింట్ రెండు జీబీలతోనూ లేస్తానంటుంది కానీ నాలుగు ఉంటే మంచిదని తానే చెబుతుంది. అంత మోయలేని యంత్రానికి మింట్‌లోనే ఎక్స్ఎఫ్‌సీఈ అనే తేలికపాటి రూపం ఉంది. ఉబుంటూలో ఫైర్‌ఫాక్స్ స్నాప్ పొట్లంగా వస్తుంది. స్నాప్ అంటే ప్రోగ్రామును దానికి కావలసినవాటితో కలిపి కుదించి మూట కట్టడం, అందుకే పాత డిస్కు మీద మొదటిసారి తెరుచుకోవడానికి కాస్త గుటకలు మింగుతుంది. మింట్ స్నాప్‌ను గడప తొక్కనివ్వదు. ఈ విషయంలో నేను మింట్ పక్షం. పొట్లాలు కట్టేవాళ్లకు వాళ్ల కారణాలు ఉంటాయి, నాలుగు జీబీల ర్యామ్‌కు దాని కారణాలు దానికి ఉన్నాయి.

ఇంతవరకూ అన్నీ మింట్‌కే పడ్డాయి. తెలుగు దగ్గర మాత్రం కథ మారింది.

రెండింటిలోనూ తెలుగు చదవడానికి ఇబ్బంది లేదు. "జ్యోత్స్న", "స్వాతంత్ర్యం", "లక్ష్మీ" అని కొట్టి చూశాను, ఒత్తులు ఎక్కడివక్కడ కూర్చున్నాయి. రాయడానికి మాత్రం రెండింటికీ ఐబస్-ఎమ్17ఎన్ అనే ప్యాకేజీ వేసుకోవడం మేలు. వేశాక ఉబుంటూలో సెట్టింగ్స్, కీబోర్డ్‌లోకి వెళ్తే తెలుగు పద్ధతులు వరుసగా కనిపిస్తాయి, ఒకటి ఎంచుకుంటే పనైపోయినట్టే. మింట్‌లో అయితే ఇన్‌పుట్ మెథడ్ అనే వేరే కిటికీ తెరిచి, ఐబస్‌ను ఎంచి, ఒకసారి లాగౌట్ అయి మళ్లీ రావాలి. తెలిసినవాడికి రెండు నిమిషాలు, తెలియనివాడికి ఒక సాయంత్రం.

ఆ పద్ధతుల్లో ఇన్‌స్క్రిప్ట్ ఉంది, పోతన ఉంది, ఆర్‌టీఎస్ ఉంది. ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు కొట్టే ఈ ఆర్‌టీఎస్‌లో ఆర్ అంటే రైస్, అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం పేరు. మిర్యాలగూడ మిల్లులున్న జిల్లావాళ్లం కాబట్టి మొదటిసారి వినగానే మాకు బియ్యమే గుర్తొచ్చింది. అన్నిటికంటే నన్ను ఆపింది జాబితాలో ఉన్న యాపిల్ లేఅవుట్, అంటే మీటల అమరిక. మా ఆపరేటర్ పన్నెండేళ్లుగా అనులో యాపిల్ మీటల మీదే కొడుతున్నాడు. అతన్ని పిలిచి కూర్చోబెట్టాను. కీబోర్డు వంక చూడకుండా "చి.ల.సౌ." దగ్గర మొదలుపెట్టి వధూవరుల పేర్లదాకా పోయాడు. రెండు మూడు చోట్ల వేళ్లు తడబడ్డాయి. "అన్నా, ఇది మనదే, కొంచెం ఎంగిలి పడింది" అని నవ్వాడు.

ఫాంట్‌ల విషయంలో ఇంకో మంచి మాట. ఫాంట్స్-తెలుగువిజయం అనే ఒక్క ప్యాకేజీ వేస్తే మండలి, రామభద్ర, సూరన్న లాంటివి ఒకేసారి దిగుతాయి. పోతన 2000, వేమన 2000 వేరే ప్యాకేజీలో ఉన్నాయి. ఇవన్నీ యూనికోడ్ (ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంకేతం ఉన్న ప్రామాణిక పద్ధతి) ఫాంట్లు, డబ్బు కట్టక్కర్లేదు, దొంగ సీడీలు వెతకక్కర్లేదు. పేజ్‌మేకర్ బదులు స్క్రైబస్ ఉంది. 2024లో వచ్చిన 1.6లో తెలుగు ఒత్తులు సరిగ్గా పడుతున్నాయి.

మరి లోపలి కంప్యూటర్‌లోనూ లినక్స్ వేసేయవచ్చు కదా అంటారా? అక్కడే దెబ్బతిన్నాను. పానగల్లు నుంచి ఒకాయన పెన్‌డ్రైవ్‌లో పెద్ద కూతురి పెళ్లి కార్డు ఫైలు తెచ్చాడు. చిన్న కూతురికీ అదే నమూనా కావాలి, పేర్లు మార్చి ఇవ్వమన్నాడు. లినక్స్‌లో లిబ్రే ఆఫీస్ డ్రా పేజ్‌మేకర్ ఫైళ్లను తెరుస్తుందని తెలుసు. తెరిచింది కూడా. అంచు పువ్వులు, గీతలు వచ్చాయి. కానీ వినాయకుడి శ్లోకం ఉండాల్సిన చోట ఇంగ్లిషు అక్షరాలు, డాలర్ గుర్తులు, టోపీ పెట్టుకున్న ఏదో యూరప్ భాష లిపి. ఆయన కళ్లజోడు సర్దుకుని, "ఇది మా అమ్మాయి పెళ్లేనా?" అన్నాడు. అను అక్షరాలు యూనికోడ్ కావు మరి. ఇంగ్లిషు అక్షరాల గదుల్లో తెలుగు ముక్కలను కాపురం పెట్టిన పాత ఏర్పాటు అది. ఫాంట్ ఫైలు తెచ్చి లినక్స్‌లో వేస్తే కళ్లకు తెలుగు కనిపిస్తుందేమో గానీ, దాన్ని కొట్టే కీబోర్డు ప్రోగ్రాము విండోస్‌దే.

పీడీఎఫ్ చేసి ప్రెస్సుకు పంపితే సరిపోదా అని చదువుకున్నవాళ్లు అంటారు. ప్రెస్సు ముందు ఒక్క సాయంత్రం నిలబడి చూస్తే ఆ మాట అనరు. ప్లేటు వేసే ఘడియలో పెళ్లికొడుకు మేనమామ ఫోన్ చేసి, తన పేరు ముందు "శ్రీ" లేదని అలుగుతాడు. అప్పుడు ప్రెస్సువాడు ఫైలు తెరిచి అక్కడికక్కడ దిద్దాలి. అతని దగ్గర ఉన్నది పేజ్‌మేకర్, కోరెల్‌డ్రా, అను. నేనొక్కడినే యూనికోడ్‌కు మారితే వీధిలో అందరూ ఒక లెక్క, నాదొక లెక్క అవుతుంది. కాబట్టి లోపలి యంత్రానికి మేలు విండోస్ 10నే.

ఇంటి కంప్యూటర్లకైతే మైక్రోసాఫ్ట్ ఇంకో ఏడాది, 2026 అక్టోబర్ దాకా గడువు ఇచ్చింది. వాళ్ల ఖాతాతో లాగిన్ అయి సెట్టింగులను బ్యాకప్‌కు ఒప్పుకుంటే రుసుము లేదు. లినక్స్ మీద భయం ఉన్నవాళ్లు ఆ ఏడాదిని వాడుకోవడంలో తప్పులేదు. నా దుకాణపు యంత్రానికి నేను ఎంచుకున్న మందు వేరు, చివర్లో చెబుతాను.

కౌంటర్ కంప్యూటర్‌కు నిజమైన పోటీ బ్రౌజర్‌ది. దాని మీద రోజూ కొత్త మనుషులు తమ మెయిల్ తెరుస్తారు, ఆధార్ దింపుకుంటారు, మూయకుండా వెళ్లిపోతారు. ఫైర్‌ఫాక్స్‌ను మూయగానే చరిత్రంతా చెరిపేసేలా పెట్టాను. క్రోమ్‌తో నాకు తగువు లేదు గానీ, పొడిగింపుల నియమాలు మారి 2025లో దాంట్లో ప్రకటనలను ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అసలు రూపం పనిచేయడం ఆగింది, మిగిలింది లైట్ రూపం. ఫైర్‌ఫాక్స్‌లో అసలుదే నడుస్తోంది. ప్రకటనల మీద విసుగుతో చెబుతున్న మాట కాదిది. ఫలితాల సైట్లలో "డౌన్‌లోడ్" అని పచ్చగా మెరిసే దొంగ మీటలు నాలుగుంటాయి, అసలు లంకె కింద చిన్నగా ఉంటుంది. కంగారులో ఉన్న తండ్రి ఏది నొక్కుతాడో మీకే తెలుసు. ఎక్కడైనా ఒక సైటు ఫైర్‌ఫాక్స్‌తో మొండికేస్తే క్రోమ్‌కు మూలమైన క్రోమియం బ్రౌజర్ పక్కనే ఉంది.

కౌంటర్‌కు డెబియన్ 13 వేద్దామని మొదట అనుకున్నాను. నిలకడకు దాన్ని మించింది లేదు, వైఫై పరికరాన్ని నడిపే ఫర్మ్‌వేర్ కూడా 12వ సంచిక నుంచి ఇన్‌స్టాలర్‌లోనే వస్తోంది. కానీ నేను లేనప్పుడు దుకాణం చూసుకునే కుర్రవాడికి మెనూ మూల తెలిసింది మింట్‌లోనే. చివరికి అక్కడా మింటే.

ప్రింటర్‌కు మాత్రం ఒక సాయంత్రం బలి అయింది. పదేళ్ల లేజర్ యంత్రం, డ్రైవర్ దొరికింది గానీ కుదుటపడేసరికి గడియారం పది కొట్టింది. హెచ్‌పీ ప్రింటర్లకు హెచ్‌పీలిప్ అనే డ్రైవర్ల మూట ఉంది కాబట్టి ఆ బాధ తక్కువ. మీది ఏదైనా సరే, డిస్కును ముట్టుకోకముందే పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్‌ను నడిపి ఒక ప్రింటు తీసి చూసుకోండి. వేలిముద్ర యంత్రానికి నాకు దొరికిన సాఫ్ట్‌వేర్ విండోస్‌కు, ఆండ్రాయిడ్‌కే ఉంది. దాన్ని ఓటీజీ తీగతో పాత ఫోనుకు తగిలించాను, పని నడుస్తోంది.

లోపలి కంప్యూటర్ మందు ఏమిటంటే, నెట్ కేబుల్ పీకేశాను. ఫైళ్లు ముందు కౌంటర్‌లోని మింట్‌లో తెరిచి చూసి, ఎర్ర దారం కట్టిన ఒకే ఒక్క పెన్‌డ్రైవ్‌లో లోపలికి వెళ్తాయి. ఆపరేటర్‌కు ఇది బొత్తిగా నచ్చలేదు. పాటలు పెట్టుకుని పనిచేసే అలవాటు అతనిది. "అన్నా, నెట్ రావడం లేదు" అని రోజూ పొద్దున్నే ఒకసారి అంటాడు. "రాదు" అంటాను. ఈ మధ్య మధ్యాహ్నాలు కౌంటర్ దగ్గరికి వచ్చి, మింట్‌లో పాటలు పెట్టి, గొంతు పెంచి, లోపలికి పోయి కార్డులు కొట్టుకుంటున్నాడు.